ఆరో హోల్డర్

"నీ హోల్డర్లు నా రింగును కాల్చినయ్ మిస్త్రీ" అని గద్వాల నుంచి అలివేలమ్మ ఫోన్ చేసి చెబితే బాబు మియా నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కాదది. పాపం ఈమెకేం తెలుసులే అనుకునే నవ్వు.

"అవి కాల్చవమ్మా. ఇంకేదన్న కాలి ఉంటది. మంచిగ చూడుమను మీ ఆపరేటర్ను."

"ఆపరేటర్ ఎందుకు, నేనే వంగి చూసిన. గోడ దిక్కు రింగు నల్లగ మాడిపోయింది. పల్లికాయ సీజన్ల మిల్లు బందు పెట్టుకొని కూసున్న. నువ్వొస్తవా, కర్నూలు నుంచి ఇంకో మిస్త్రీని పిలిపించుకోవాల్నా?"

"కర్నూలోడు వస్తే నా హోల్డర్ను చూసి నేర్చుకొని పోతడు. ఎందుకమ్మా వానికి ఫుకట్ల విద్య? నేనే వస్త."

ఫోన్ పెట్టేసి బాబు మియా పానాల సంచి సర్దుకున్నాడు. ఆత్మకూరు బస్టాండు వెనక రేకుల షెడ్డు ఆయనది. ముందు భాగంలో లేతు మిషను, వెనక భాగంలో భార్య జైనబ్ కాయిల్స్ చుట్టే బల్ల. మోటర్ ఏదైనా సరే, ఇనుము పని ఆయనది, రాగి తీగ పని ఆమెది. మిల్లులోని పెద్ద మోటర్ ఇరుసుకు చివర మూడు ఇత్తడి రింగులుంటాయి. అవి తిరుగుతుంటే వాటి మీద కార్బన్ ముక్కలు ఆనుకొని ఉండాలి. కరెంటు అక్కడి నుంచే పోతుంది. ఆ ముక్కలను పట్టుకునే డబ్బాలే హోల్డర్లు. రింగు గీతలు పడ్డప్పుడల్లా లేతు మీద చెక్కించి చెక్కించి సన్నబడుతుంది. హోల్డర్ మాత్రం కంపెనీవాడు బిగించినచోటే ఉంటుంది. మధ్యలో సందు పెరిగి కార్బన్ ఊగుతుంది, నిప్పులు కక్కుతుంది. కొత్త రింగులు వేయించే తాహతు ఈ ప్రాంతంలో ఎన్ని మిల్లులకుంది?

దీని మీద బాబు మియా ఎనిమిది నెలలు బుర్ర పెట్టాడు. ఆయన చేసిన హోల్డర్ రింగు దగ్గరికి జరుగుతుంది. స్ప్రింగు వెనక ఒక మర ఉంటుంది, దాన్ని తిప్పితే కార్బన్ మీద ఒత్తిడి పెరుగుతుంది, తగ్గుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల, ఎక్కడైనా సరే ఇట్లాంటిది ఇంకొకడు చేసి చూపిస్తే వాడి చెప్పులు మోస్తానని చాయ్ హోటల్లో పదిమంది ముందు అన్నాడు. ఎవరూ చూపించలేదు. మొదటి సెట్టు అలివేలమ్మ మిల్లులో నెల కిందటే బిగించాడు. రింగుకు రెండు చొప్పున మొత్తం ఆరు. కొక్కెం కాటా పెట్టి లాగి, ఒక్కోదాన్నీ సరిగ్గా కిలో ఒత్తిడికి తెచ్చి, ఎవరూ తిప్పకుండా మర మీద కూతురు ఉజ్మా గోళ్ల రంగు ఒక చుక్క పెట్టాడు. ఎర్ర రంగు. మర కదిలిందా, రంగు పగులుతుంది. దొంగ దొరికిపోతాడు.

*

జూరాల డ్యామ్ మీదుగా గద్వాల చేరేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. మిల్లు ఆవరణలో హమాలీలు పల్లికాయ బస్తాల మీద కాళ్లు చాపుకొని కూర్చున్నారు. పని లేక వాళ్లకూ ఏం తోచడం లేదు. అలివేలమ్మ కాటా పక్కన కుర్చీలో ఉంది. బాబు మియా సలాం చేస్తే తల ఊపి, చేత్తో మోటర్ గది చూపించింది.

మోటర్ గదిలో ఆపరేటర్ ఆశన్న ఉన్నాడు. యాభై దాటిన సన్నటి మనిషి. రెండు చేతులూ తువ్వాలుతో తుడుచుకుంటూ పక్కకు తప్పుకున్నాడు. బాబు మియా మూత తీసి టార్చి వేశాడు. గోడ వైపు రింగు అలివేలమ్మ చెప్పినట్టే మాడి ఉంది. ఇత్తడి మీద గుంటలు పడ్డాయి. ఆ తర్వాత టార్చి వెలుగు హోల్డర్ల మరల మీద పడింది.

"ఇగో! చూడండమ్మా, ఇట్ల రాండ్రి" అని కేక వేశాడు. "ఈ రంగు చూసిండ్రా? పగిలింది. ఇదిగో, ఇది గూడ. మూడోది... నాలుగోది... అయిదు! నేను కిలోకు పెట్టి సీలేసి పోతే, ఎవడో తిప్పి తిప్పి ఆడుకున్నడు. రింగు కాలక ఏమైతది?"

ఆరోది గోడ వైపు, అడుగున ఉంది. దాన్ని చూడాలంటే నేల మీద పడుకొని తల దూర్చాలి. అయిదు చూశాక ఆరోదాన్ని చూడాల్సిన పనేముంది? బాబు మియా చూడలేదు.

అలివేలమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక హమాలీలు మూగారు.

"ఎవరు తిప్పిండ్రు?" అంది ఆమె.

"నేనే అమ్మా" అన్నాడు ఆశన్న. దాచడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

"ముట్టకుమని చెప్పిన్నా లేదా?" బాబు మియా గొంతు పెంచాడు.

"చెప్పిండ్రు మిస్త్రీ సాబ్. వదులైతుండె. పొద్దుగాల మోటర్ నడిపించకముందు, కరెంటు లేనప్పుడే జరంత జరంత బిగించిన. కానీ ఎనక దిక్కు..."

"ఎనకా ముందరా నాకొద్దు. ముట్టినవా లేదా, అది చెప్పు!"

"ముట్టిన."

"విన్నరు కదమ్మా" అన్నాడు బాబు మియా, హమాలీలకు కూడా వినబడేటట్టు. "నా హోల్డర్ల తప్పు లేదు. ఈయన చేతుల తప్పు. ఈ చెయ్యి ఇక్కడున్నన్ని దినాలు ఏ మిస్త్రీ వచ్చినా మీ మోటర్ బాగుపడదు."

ఆ చివరి మాట అనాల్సిన అవసరం లేదు. నోటికి ఊపు వచ్చి వచ్చేసింది.

"రేపటి సంది రాకు ఆశన్న" అంది అలివేలమ్మ.

ఆశన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. నీళ్ల తొట్టి దగ్గరికి పోయి, పల్లి పొట్టు పిడికెడు తీసుకొని చేతులకున్న గ్రీజు రుద్దుకున్నాడు. గోళ్ల సందులు, మణికట్లు, ఒక్కో వేలు. అంత సేపు ఎందుకు కడుక్కున్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆ మిల్లులో పదకొండేళ్ల నుంచి చేస్తున్నాడు. తర్వాత టిఫిను డబ్బా, మేకుకున్న చొక్కా తీసుకొని, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటాడు.

బాబు మియాకు జాలి కలగలేదని కాదు, కలిగింది. కానీ తన హోల్డర్ గెలిచిన సంతోషం ముందు ఆ జాలి ఎంతసేపు నిలుస్తుంది? హమాలీలతో మోటర్ విప్పించి, మధ్య తిరిగే భాగాన్ని, ఆరు హోల్డర్లున్న చట్రాన్ని గోనెపట్టాలో చుట్టించి, టెంపోలో వేయించి ఆత్మకూరు తీసుకుపోయాడు.

*

మర్నాడు పొద్దున్నే లేతు మీద రింగు చెక్కుతుంటే జైనబ్ చట్రాన్ని విప్పి, కార్బన్లను పాత పేపరు మీద వరసగా పేర్చింది. ఏది ఎక్కడిదో తారుమారు కాకుండా పక్కన పెన్సిలుతో అంకెలు వేసింది. ఆమె పని అట్లాగే ఉంటుంది. వెయ్యి చుట్ల కాయిల్‌లో ఒక్క చుట్టు తప్పినా మళ్లీ మొదటి నుంచి చుట్టే మనిషి.

"అజీ, ఇటు రా జర" అని పిలిచింది.

"రింగు మీదున్న, ఆగు."

"రింగు ఎక్కడికీ పోదు. రా."

ఆయన లేతు ఆపి వచ్చాడు. ఆమె వేలితో చూపించింది. అయిదు కార్బన్లు ఒక్కటే పొడవు అరిగాయి. ముఖాలు అద్దంలాగా నున్నగా మెరుస్తున్నాయి. ఆరోది అంచులు విరిగి, ముఖం మీద గుంటలు పడి, మాడు వాసన వస్తోంది.

"ఇది గోడ దిక్కుదేనా?" అంది.

"ఆఁ, అడుగుది. కాలిన రింగు మీదిదే."

"దీని మర చూడు."

బాబు మియా చూశాడు. ఎర్ర చుక్క చెక్కుచెదరకుండా ఉంది. ఉజ్మా ఆ పొద్దు బాటిల్ ఖాళీ చేశావని అలిగిన చుక్క అది. గాజుబిళ్లలాగా అట్లాగే కూర్చుని ఉంది.

"మంచి రంగే కొనుక్కుంది నీ బిడ్డ" అని జైనబ్ నవ్వింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసింది.

బాబు మియా కొక్కెం కాటా తీశాడు. ఏ హోల్డర్ కార్బన్‌ను ఆ హోల్డర్లోనే పెట్టి, కార్బన్‌ను నొక్కే స్ప్రింగు వేలికి కొక్కెం తగిలించి లాగాడు. మొదటిది కిలో. రెండోది కిలోకు ఒక గీత తక్కువ. మూడోది కిలో. నాలుగోది, అయిదోది కూడా అంతే. నెల రోజుల్లో కార్బన్ అంత అరిగాక కూడా కిలోకు కిలో నిలిచింది. ఎట్లా నిలిచింది? కార్బన్ అరిగినకొద్దీ స్ప్రింగు సాగుతుంది, బలం తగ్గుతుంది. ఎవరో రోజూ అంతకంతా బిగిస్తే తప్ప నిలవదు. ఆరోదానికి కొక్కెం తగిలించి లాగితే ముల్లు అర కిలో దగ్గరే ఆగింది.

"ఆయన దగ్గర కాటా ఉన్నదా?" అని అడిగింది జైనబ్.

"కాటా ఎక్కడిది? మగ్గం నేసుకునేటోళ్ల ఇంటి మనిషి. ఉత్త చెయ్యి."

"ఉత్త చేత్తో అయిదింటిని కిలోకు నిలబెట్టిండు. ఆరోదానికి చెయ్యి అందలే." జైనబ్ కాటా ముల్లు వైపు చూపించింది.

బాబు మియా ముందు వాదించాడు. చెప్పిన మాట వినకపోవడం తప్పా కాదా అన్నాడు. వారానికోసారి తానే పోయి బిగిద్దామని అనుకున్నానన్నాడు. ఆమె విని, "మరి పోయినవా?" అంది. పోలేదు. సీజన్లో తీరిక దొరకలేదు. తిప్పడానికి మర పెట్టింది తనే, తిప్పొద్దని రంగు పూసింది తనే. నడిపేవాడికి అందని చోట మర పెట్టి, అందిన చోట సరిగ్గా తిప్పినవాణ్ణి నలుగురిలో దొంగను చేసి వచ్చాడు. ఈ ముఖంతో ఇంకా చాయ్ హోటల్లో చెప్పులు మోస్తానని పందేలు కడుతున్నాడు!

ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా లేతు దగ్గరే తిన్నాడు. ఆరు మరలకూ ఆరు పొడుగు కడ్డీలు తీశాడు. అడుగుది, గోడ వైపుది అన్నీ ముందుకే వచ్చేటట్టు ఒక పలక మీద వరసగా నిలిపాడు. హోల్డర్లో కరెంటుంటుంది కాబట్టి కడ్డీల చివర ఇనుప పిడి పనికిరాదు. జైనబ్ దగ్గరున్న ఫైబరు దిమ్మను కోసి, గుండ్రంగా చెక్కి పిడులు చేశాడు. ఆమె ఒక్కో పిడి మీద అంకె చెక్కి, సున్నం రుద్ది తెల్లగా కనిపించేటట్టు చేసింది. రెండో రోజు సాయంత్రానికి పని తేలింది. నిలబడి, వంగకుండా, ఆరింటినీ ఒక్కచోటి నుంచే తిప్పొచ్చు. పని బాగా కుదిరితే బాబు మియాకు ఎంత దిగులున్నా ఈల వస్తుంది. ఈల వేస్తూనే చట్రం గోనెలో చుట్టాడు.

"పొద్దున మిల్లుకు పోతవా?" అంది జైనబ్.

"ముందు ఆశన్న ఇంటికి."

*

ఆశన్న ఇల్లు వెతకడం కష్టం కాలేదు. మిల్లు ఆశన్న అంటే వీధిలో అందరికీ తెలుసు. ఇంట్లో గుంట మగ్గం మీద ఆయన భార్య సత్యమ్మ ఉంది. ఆశన్న పక్కన నిలబడి, సాగదీసిన పడుగు దారాల మీద గ్రీజు మచ్చ లేని చెయ్యి వెనక్కి తిప్పి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా రాస్తున్నాడు. ఒకచోట ఆగి, మగ్గం వెనక తాడు ఒక్క పట్టు లాగి కట్టాడు. మళ్లీ చెయ్యి రాశాడు. చాలన్నట్టు తల ఊపాడు. బాబు మియా గడపలోనే నిలబడి అదంతా చూశాడు. ఆశన్న దగ్గరున్న కాటా ఏదో ఆయనకు తెలిసిపోయింది.

"రాండ్రి మిస్త్రీ సాబ్" అని ఆశన్న పీట వేశాడు.

బాబు మియా కూర్చోలేదు. "ఆశన్న, తప్పు నాది. నువ్వు తిప్పినయ్ అయిదూ మంచిగున్నయ్. నువ్వు తిప్పంది కాలింది. అది నీకు అందని చోట పెట్టింది నేను. మిల్లుకు పోదాం రా, మళ్ల పనిల పెట్టిస్త."

ఆశన్న ముఖంలో వెలుగు వచ్చింది. చొక్కా కోసం చెయ్యి చాపాడు కూడా. కానీ గుంటలోంచి సత్యమ్మ గొంతు వినిపించింది. పేక దారం చుట్టిన నాడె చేతిలోనే పట్టుకొని ఉంది.

"ఆగయ్యా. ఈయన చెయ్యి ఉన్నన్ని దినాలు మోటర్ బాగుపడదని ఎక్కడన్నవ్ మిస్త్రీ?"

"మిల్లుల..."

"ఎవరి ముందర?"

"అలివేలమ్మ ముందర. హమాలీల ముందర."

"నిన్న కూరగాయలకు పోతే ఒగామె అడుగుతది, మీ ఆయన మిల్లు కాలబెట్టిండంట గదా అని. ఈ చెయ్యి పట్టంది ఇంట్ల ఒక్క చీర మగ్గం దిగదు. అసొంటి చెయ్యిని అంత మాటంటివి. నలుగుర్ల అని, ఇంట్లకొచ్చి చెవుల చెప్తే సరిపోతదా? నలుగుర్ల అన్నవు, నలుగుర్ల చెప్పు. అప్పుడొస్తడు."

"సత్తెమ్మా, ఊకో" అన్నాడు ఆశన్న.

"నేనూకోను."

బాబు మియాకు ముందు రోషం వచ్చింది. తాను గడప తొక్కి తప్పు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి? కానీ ఆమె ముఖం చూస్తే తాను చేసింది సగం పనే అని తెలిసింది. సగం పని ఆయనకు నచ్చదు.

"సరే చెల్లె. మిల్లుల చెప్త. నువ్వు గూడ రా, వినిపోదువు."

సత్యమ్మ నాడె పక్కన పెట్టి గుంటలోంచి లేచింది.

*

మిల్లులో మోటర్ బిగించడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. బస్తాల మీద హమాలీలు మొన్నటిలాగే కూర్చుని ఉన్నారు. ఆశన్న, సత్యమ్మ గేటు లోపలికి వచ్చి వేపచెట్టు నీడలో ఆగిపోయారు. వాళ్లను చూసి అలివేలమ్మ కనుబొమలు ముడిచింది.

"ఈయనెందుకు వచ్చిండు? రేపటి సంది అయిజ నుంచి వేరే మనిషొస్తుండు."

"నేనే పిలిచిన అమ్మా" అన్నాడు బాబు మియా. చేతిలోని పానా కింద పెట్టి, హమాలీల వైపు తిరిగాడు. ఆయన గొంతు మామూలుగానే పెద్దది. ఇవాళ ఇంకొంచెం పెంచాడు. "అన్నలూ, జర అందరూ వినుండ్రి. మొన్న ఈడనే నిలబడి ఆశన్న చేతుల తప్పన్న. అబద్ధం. తప్పు నాది. ఆయన తిప్పిన అయిదు హోల్డర్లు కిలోకు కిలో నిలిచినయ్. కాలింది ఆయన ముట్టనిది. ముట్టనీకి అందని చోట పెట్టిన మొనగాణ్ణి నేను. చూడకుంట మాటన్నది గూడ నేనే."

హమాలీల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. యాదయ్య అనే పెద్ద హమాలీ వాడి భుజం మీద ఒక్కటి వేశాడు. సత్యమ్మ కొంగు సర్దుకొని, అంతా విన్నారా లేదా అన్నట్టు అందరి ముఖాలూ చూసుకుంది. ఆశన్న తల దించుకొని ఉన్నాడు. కానీ నిలబడ్డ తీరు మారింది.

అలివేలమ్మ ఆశన్నను, బాబు మియాను మార్చి మార్చి చూసింది. తర్వాత, "నా మిల్లు నాలుగు దినాలు బందుంచి, మంచి ఆపరేటర్ను ఎల్లగొట్టిపిచ్చి, ఇప్పుడు తప్పు నాదంటున్నవా?" అంది.

"అవునమ్మా."

"ఎంత ధీమాగ చెప్తున్నవయ్యా!"

"తప్పైనా ఒప్పైనా నాకు ఒక్కటే గొంతున్నదమ్మా. ఏం చెయ్యాలె?"

ఆమె పెదవుల చివర నవ్వు వచ్చి పోయింది. "మోటర్ నడవని. నడిస్తే ఆశన్న ఉంటడు. నిప్పులు లేసినయా, ఇద్దరూ ఒక్క బస్సుకే పోండ్రి."

బాబు మియా పలక మీది ఆరు పిడులు చూపించాడు. ఆశన్న అంకెలు చూశాడు. సంచిలోంచి కొక్కెం కాటా తీసి ఇవ్వబోయి, బాబు మియా మళ్లీ సంచిలోనే పెట్టేశాడు. ఆశన్న ఒక్కో స్ప్రింగు వేలి మీద తన వేలు ఆనించి, పైకెత్తి, వదిలి, పిడి తిప్పాడు. ఎత్తాడు, వదిలాడు, తిప్పాడు. ఆరోదాని దగ్గర మాత్రం ఇంకొంచెం సేపు ఆగాడు. నెల రోజులు దాన్ని దూరం నుంచి చూసినవాడు మరి. మూత వేసి, స్టార్టరు దగ్గరికి పోయి హ్యాండిలు మెల్లగా లాగాడు.

మోటర్ మూలిగింది, గుర్రుమంది, వేగం అందుకుంది. బెల్టు పట్టుకుంది. బాబు మియా మూత సందులోంచి చూశాడు. మూడు రింగులూ పచ్చగా తిరుగుతున్నాయి. ఒక్క రవ్వ లేదు. హమాలీలు చెప్పకుండానే లేచి బస్తాలు ఎత్తుకున్నారు.

"రేపు ఆరుగొట్టంగ రా ఆశన్న" అని అలివేలమ్మ కాటా వైపు నడిచింది. సత్యమ్మ కూడా మగ్గం ఎదురుచూస్తుందన్నట్టు గబగబా గేటు దాటిపోయింది.

బాబు మియా ఛాతీ మళ్లీ పొంగింది. ఎంతైనా తన హోల్డర్ కదా! ఆశన్న పక్కకు చేరి, "ఎట్లుంది?" అన్నాడు. మెచ్చుకోలు కోసం అడిగాడు, దాపరికం ఎందుకు.

ఆశన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. కోపం లేకుండా, మామూలుగా చెప్పాడు. "హోల్డర్లు పెట్టిన పొద్దు గిట్ల అడిగుంటే, ఆ పొద్దే చెప్తుంటి మిస్త్రీ సాబ్. ఎనక దానికి చెయ్యి అందుతలేదని."

మోటర్ హోరులో కూడా ఆ మాట స్పష్టంగా వినిపించింది. హమాలీల ముందు అంత గొంతు పెట్టి చెప్పినప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చింది. అడగలేదు. పదకొండేళ్లుగా ఈ మోటరుతో పొద్దు గడిపిన మనిషిని, ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

"ఇప్పుడడుగుతున్న" అన్నాడు. "ఇంగ ఏమన్న ఉన్నదా?"

ఆశన్న పిడుల వైపు చూశాడు.

"ఉన్నయ్. రెండు."

"రెండా!"

బాబు మియా ఖాళీ గోనెసంచి ఒకటి లాక్కొని, మోటర్ ముందు నేల మీద చతికిలబడ్డాడు. చెవి మీది పెన్సిలు తీసి, సిగరెట్ పెట్టె చింపి తెల్ల వైపు తిప్పాడు.

"కూసో ఆశన్న. మొదటిది చెప్పు."